చవక డెడికేటెడ్ సర్వర్ ఎంపిక – 4వ పాఠం: ప్రకటనను వెనక నుంచి చదవడం

డెడికేటెడ్ సర్వర్ అంటే మొత్తంగా మీ ఒక్కరికే అద్దెకిచ్చే కంప్యూటర్. దాన్ని ఎంచుకునే ముందు చేయమని పోయిన పాఠంలో చెప్పిన పని చేసి ఉంటే ఇప్పుడు మీ దగ్గర నాలుగు అంకెలు ఉండాలి. వారంలో మీ ప్రోగ్రామ్‌లు వాడిన ర్యామ్ గరిష్ఠంగా ఎంత, డిస్కులో నిండిన చోటు ఎంత, రద్దీ వేళ డిస్కు ఎంత బిజీగా ఉంది, నెలకు బయటికి వెళ్లే డేటా ఎంత. ఇవి లేకపోతే ఈ పాఠం పక్కనపెట్టి ముందు ఆ పని పూర్తి చేయండి. కొలతలు తీసుకోకుండా చొక్కా కుట్టించుకోలేం కదా, సర్వర్ విషయమూ అంతే.

ఈసారి ఒక ప్రకటనను ముందు పెట్టుకుని చదువుదాం. చవక సర్వర్ల జాబితాలు తెరిస్తే ఇలాంటి వరుసలే కనిపిస్తాయి:

జియాన్ ఈ3-1230 వీ2, 16 జీబీ ర్యామ్, 2×1 టీబీ హెచ్‌డీడీ, 100 ఎంబీపీఎస్ అన్‌మీటర్డ్, 1 ఐపీవీ4

అమ్మేవాళ్లు ప్రాసెసర్ పేరు మొదట పెడతారు, మన కన్ను అక్కడే ఆగిపోతుంది. మీరు మాత్రం చివరి నుంచి చదవడం అలవాటు చేసుకోండి. తర్వాత మార్చుకోవడం కష్టమైనవి, బిల్లు పెంచేవి ఎక్కువగా చివరన ఉంటాయి.

ఐపీ

ఇంటర్నెట్‌లో సర్వర్‌ను గుర్తించే నంబరే ఐపీ చిరునామా. అందులో పాత రకమైన ఐపీవీ4 చిరునామాల ప్రపంచ నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది. అందుకే ఒకటి సర్వర్‌తో పాటు ఇచ్చినా, రెండోదానికి నెలనెలా అద్దె అడుగుతారు. మామూలు వెబ్‌సైట్లు ఎన్ని ఉన్నా ఒక్క ఐపీ మీదే నడుస్తాయి కాబట్టి అదనంగా తీసుకోవద్దు. మీ సర్వర్ నుంచి మెయిల్ పంపాలంటే మాత్రం రెండు సంగతులు ముందే అడగండి: రివర్స్ డీఎన్ఎస్ (ఐపీని బట్టి సర్వర్ పేరు చెప్పే నమోదు) మార్చనిస్తారా, మెయిల్ బయటికి వెళ్లే 25వ పోర్టు తెరిచి ఉంటుందా. పాత అద్దెదారు స్పామ్ పంపి ఉంటే ఆ ఐపీ బ్లాక్ లిస్టుల్లో ఉండొచ్చు. సర్వర్ చేతికి రాగానే అది కూడా చూడాలి.

బ్యాండ్‌విడ్త్

ఇక్కడ ఒక్క లెక్క గుర్తుంచుకుంటే చాలు. 1 ఎంబీపీఎస్ (సెకనుకు పది లక్షల బిట్లు) వేగంతో 30 రోజులు ఆగకుండా డేటా పంపితే 324 జీబీ అవుతుంది. అంటే 100 ఎంబీపీఎస్ పోర్టు (సర్వర్‌కు ఇచ్చే నెట్‌వర్క్ కనెక్షన్) నెలంతా నిండుగా నడిస్తే 32.4 టీబీ.

మీ సైటు నెలకు 3 టీబీ పంపుతోందనుకుందాం. 3000ను 324తో భాగిస్తే సగటు 9 ఎంబీపీఎస్ చిల్లర. రద్దీ వేళ దానికి ఐదింతలు పడినా 47 ఎంబీపీఎస్ దాటదు. అలాంటప్పుడు 1 జీబీపీఎస్ పోర్టు కోసం అదనంగా కట్టే డబ్బు వృథా. పెద్ద ఫైళ్లు డౌన్‌లోడ్‌కు ఇచ్చేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు నెల మొత్తం కన్నా ఆ క్షణంలో వచ్చే వేగం ముఖ్యం.

అన్‌మీటర్డ్ అంటే కొలవరని అర్థం, ఆ వేగం మీ ఒక్కరిదేనని కాదు. అదే తీగ మీద ఇంకెన్ని సర్వర్లు ఉన్నాయో ప్రకటనలో రాయరు. కొన్నిచోట్ల 95వ పర్సెంటైల్ పద్ధతిలో బిల్లు వేస్తారు. ఐదు నిమిషాలకోసారి వేగం కొలిచి, నెలలో వచ్చే 8640 కొలతల్లో అన్నిటికంటే పైనున్న 5 శాతం తీసేసి, మిగిలినవాటిలో పెద్దదానికి ధర కడతారు. తీసేసే భాగం 36 గంటలు. అంటే నెలలో ఒకరోజు పండగ రద్దీ వచ్చినా బిల్లు పెరగదు, కానీ రోజూ రెండు గంటల రద్దీ ఉంటే పెరుగుతుంది. సర్వర్ తీసుకునే ముందు మీ రద్దీ ఏ తరహాదో చూసుకోండి.

దూరం గురించి ఒక్క మాట. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. సర్వర్ 1000 కిలోమీటర్ల దూరంలో ఉంటే వెళ్లి రావడానికే 10 మిల్లీసెకన్లు, అదీ దారి తిన్నగా ఉంటే. బ్యాకప్‌కు ఈ ఆలస్యం పట్టించుకోనక్కర్లేదు, గేమ్ సర్వర్‌కు మాత్రం ప్రాణసంకటం.

డిస్కు

ఈ పాఠంలో అన్నిటికంటే నిదానంగా చదవాల్సిన భాగం ఇదే. చవక సర్వర్ తీసుకుని బాధపడినవాళ్లలో ఎక్కువమంది బాధకు కారణం డిస్కే అని నా నమ్మకం. నాకూ అదే జరిగింది.

ఒకసారి రెండు ప్రాసెసర్లు, వాటిలో విడివిడిగా పనిచేసే 16 కోర్లు, 64 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్ మంచి ధరకు దొరికిందని తీసుకున్నాను. డిస్కులు రెండూ హెచ్‌డీడీలే, అంటే గుండ్రంగా తిరిగే పాత రకానివి. డేటాబేస్ ఎక్కించి సైటు అటు మార్చిన మర్నాడు, పొద్దున రద్దీ మొదలవగానే పేజీ తెరుచుకోడానికి ఆరేడు సెకన్లు పట్టడం మొదలైంది. ప్రాసెసర్ ఏం చేస్తోందో చూపించే టాప్ కమాండ్ కొట్టి చూస్తే, ప్రాసెసర్ నిజంగా పని చేస్తున్న సమయం 4 శాతం, డిస్కు కోసం ఎదురుచూస్తున్న సమయం 61 శాతం. 16 కోర్లకు డబ్బు కట్టి, వాటిని వరసలో నిలబెట్టాను. మూడు రోజులు టెన్షన్ పడి, నాలుగు కోర్లే ఉన్నా రెండు చిన్న ఎస్ఎస్‌డీలున్న (తిరిగే భాగాలు లేని డిస్కులున్న) సర్వర్‌కు మారితే సమస్య ఆ పూటే పోయింది. అద్దె కూడా తగ్గింది.

కారణం సులువే. 7200 ఆర్‌పీఎం డిస్కు, అంటే నిమిషానికి 7200 చుట్లు తిరిగే హెచ్‌డీడీ, ఒక చుట్టు తిరగడానికి 8.33 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు డేటా చదివే తల కిందికి రావడానికి సగటున అందులో సగం. తల పక్కకు జరగడానికి ఇంకొన్ని మిల్లీసెకన్లు. మొత్తం కలిపితే చెల్లాచెదురుగా ఉన్న డేటాను సెకనుకు వంద అటూఇటూ సార్లు మాత్రమే చదవగలదు. సాటా ఎస్ఎస్‌డీ (మామూలు రకం ఎస్ఎస్‌డీ) అదే పని వేలల్లో చేస్తుంది. వరసగా ఉన్న పెద్ద ఫైలు చదవడంలో మాత్రం హెచ్‌డీడీ అంత వెనకబడదు. అందుకే వీడియోలు, బ్యాకప్‌లు దాచడానికి ఇప్పటికీ హెచ్‌డీడీయే సరైన ఎంపిక. డేటాబేస్ ఉంటే 2×2 టీబీ హెచ్‌డీడీని వదిలేసి 2×240 జీబీ ఎస్ఎస్‌డీ తీసుకోండి. చోటు తక్కువని భయపడకండి, మీ నాలుగు అంకెల్లో రెండోది చూసుకోండి. ఎన్‌వీఎంఈ (ఇంకా వేగమైన ఎస్ఎస్‌డీ) దొరికితే మంచిదే. కానీ హెచ్‌డీడీ నుంచి సాటా ఎస్ఎస్‌డీకి మారితే తెలిసినంత తేడా, దాన్నుంచి ఎన్‌వీఎంఈకి మారితే చిన్న సైటులో తెలియదు.

వరుసలో "2×" అని ఉందా లేదా అన్నది కూడా చూడండి. రెండు డిస్కులను రెయిడ్ 1లో, అంటే ఒకే డేటాను రెండింటిలోనూ రాసే పద్ధతిలో పెడితే చోటు సగమవుతుంది, ఒకటి పోయినా సర్వర్ నడుస్తుంది. అయితే రెయిడ్ బ్యాకప్ కాదు. మీరు పొరపాటున ఒక టేబుల్ చెరిపితే అది రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది. వేరే చోట బ్యాకప్‌కు అయ్యే ఖర్చును సర్వర్ ధరలో కలిపే లెక్కించాలి.

చవక సర్వర్లలో డిస్కులు వాడినవే వస్తాయి. చేతికి రాగానే స్మార్ట్ వివరాలు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే అంకెలు, తీయండి. ఒక డిస్కులో ఇలా కనిపించిందనుకోండి:

పవర్ ఆన్ అవర్స్ 43,912
రీఅలొకేటెడ్ సెక్టార్ కౌంట్ 0
కరెంట్ పెండింగ్ సెక్టార్ 8

ఏడాదికి 8760 గంటలు కాబట్టి ఈ డిస్కు ఐదేళ్లు నడిచింది. చాలామంది ఆ మొదటి అంకె చూసే కంగారుపడతారు. నేను పడను, ఐదేళ్లు నడిచిన డిస్కులు ఇంకా నడుస్తాయి. నన్ను ఆపేది మూడో వరుస. చదవడం కుదరక అనుమానంలో పెట్టిన సెక్టార్లు (డిస్కులోని చిన్న గడులు) ఎనిమిది ఉన్నాయని అది చెబుతోంది. ఈ డిస్కును మొదటి రోజే మార్చమని అడగాలి. డేటా ఎక్కించాక మార్చితే రెయిడ్ మళ్లీ కట్టుకోవాలి. 4 టీబీ డిస్కుకు సెకనుకు 150 ఎంబీ చొప్పున చూసినా ఏడు గంటలకు పైనే పడుతుంది. ఆ ఏడు గంటలూ మీ డేటా ఒక్క పాత డిస్కు మీదే ఆధారపడి ఉంటుంది. ఒక జాగ్రత్త: ఆ పట్టికలో చివరన ఉండే రా వాల్యూ చూడండి. మధ్యలో కనిపించే 100, 200 లాంటి అంకెలు వేరే స్కేలులోవి. ఎన్‌వీఎంఈ అయితే ఎంత అరిగిందో చెప్పే పర్సెంటేజ్ యూజ్డ్ అన్న వరుస చూడండి.

ర్యామ్

మీరు కొలిచిన గరిష్ఠానికి సగం కలిపితే సరిపోతుంది. 9 జీబీ వాడుతుంటే 16 తీసుకోండి. అంతకన్నా ముఖ్యం ఆ బోర్డు ఎంతవరకు పెరుగుతుందన్నది. మన ప్రకటనలోని జియాన్ ఈ3 ప్రాసెసర్ల శ్రేణి మొదటి తరం నుంచి వీ4 (నాలుగో తరం) దాకా 32 జీబీ దగ్గర ఆగిపోతుంది, వీ5 నుంచి 64 జీబీ. మీ డేటాబేస్ ఏడాదిలో రెండింతలయ్యేలా ఉంటే ఈ హద్దు ఇప్పుడే చూసుకోవాలి.

ఈసీసీ ర్యామ్ ఒక బిట్ తప్పును తనే సరిచేస్తుంది, రెండు బిట్ల తప్పును పట్టుకుని చెబుతుంది. కోర్ ఐ7-3770 లాంటి డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు ఈ సదుపాయం లేదు. లావాదేవీలు, లెక్కలు దాచే సర్వర్‌కు నేను ఈసీసీ లేనిది తీసుకోను. వీడియో మార్చే పనికైతే లేకపోయినా తీసుకుంటాను.

ప్రాసెసర్

చివరికి ఇక్కడికొచ్చాం. ఈపాటికి జాబితాలో సగం వరుసలు మీరే కొట్టేసి ఉంటారు.

ఈ3-1230 వీ2లో నాలుగు కోర్లు, 3.3 గిగాహెర్ట్జ్, 2012 నాటిది. అదే ఏడాది వచ్చిన జియాన్ ఈ5-2670లో ఎనిమిది కోర్లు, 2.6 గిగాహెర్ట్జ్. వెబ్ పేజీ తయారుచేసే పని ఎక్కువగా ఒక్క కోర్ మీదే జరుగుతుంది కాబట్టి ఒక్కో పేజీ నాలుగు కోర్ల యంత్రంలోనే త్వరగా వస్తుంది. ఒకేసారి చాలా పనులు నడిపేవాళ్లకు, వీడియో ఎన్‌కోడింగ్ చేసేవాళ్లకు ఎనిమిది కోర్లు లాభం. 2019లో వచ్చిన ఆరు కోర్ల ప్రాసెసర్ రైజెన్ 5 3600 అదే అద్దెకు దొరికితే రెండు రకాల పనికీ అదే మేలు.

కోర్ల సంఖ్య కన్నా తరం ఎందుకు చూడాలో రెండు ఉదాహరణలు చెప్తాను. 2025లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఏవీఎక్స్2 (ఒకేసారి ఎక్కువ అంకెలను లెక్కించే ఆదేశాల గుంపు) ఉన్న ప్రాసెసర్ కావాలి. జియాన్ ఈ3లో అది 2013 నాటి వీ3 నుంచే వచ్చింది. పైన మనం చదువుతున్న వీ2 యంత్రంలో ఆ సిస్టమ్ ఎక్కదు, ఇంకో లినక్స్ అయిన డెబియన్ 12 ఎక్కుతుంది. రెండోది, ఎనిమిది కోర్లని ఊరించే ఆటమ్ సీ2750 ప్రాసెసర్. దానికి ఏవీఎక్స్2 కన్నా ముందుదైన ఏవీఎక్స్ కూడా లేదు. మాంగోడీబీ అనే డేటాబేస్‌లో 5.0 మొదలు ఆ తర్వాతి వెర్షన్‌లకు ఏవీఎక్స్ తప్పనిసరి. సర్వర్ తీసుకున్నాక ఈ సంగతి తెలిస్తే చేయగలిగిందేమీ ఉండదు.

ఇప్పుడు ధర

నెల అద్దె ఒక్కటే చూసి పోల్చకండి. సెటప్ ఫీజు, అదనపు ఐపీ, బ్యాకప్ చోటు, ప్యానెల్ (సర్వర్‌ను బ్రౌజర్‌లో నడిపించే సాఫ్ట్‌వేర్) లైసెన్సు, పన్ను అన్నీ కలిపి, మీరు ఎన్ని నెలలు ఉంచుకుంటారో దానితో భాగించాలి. అలాంటి ప్యానెల్ అయిన సీప్యానెల్ 2019 నుంచి ఖాతాల లెక్కన, విండోస్ సర్వర్ 2016 వెర్షన్ నుంచి కోర్ల లెక్కన డబ్బు తీసుకుంటున్నాయి. అందుకే చవక సర్వర్ మీద లైసెన్సు ఖర్చు ఒక్కోసారి అద్దెను మించిపోతుంది.

ఏ కరెన్సీ అయినా సరే, ఈ లెక్క చేసి చూడండి. మొదటి సర్వర్‌కు నెలకు 30, సెటప్ 60. రెండోదానికి నెలకు 38, సెటప్ లేదు. ఆరు నెలలు ఉంచుకుంటే మొదటిది నెలకు 40 పడుతుంది, రెండోది 38. ఏడాది ఉంచుకుంటే మొదటిది 35కు దిగుతుంది. రెండూ సమానమయ్యేది ఎక్కడంటే, 60ని నెలవారీ తేడా 8తో భాగిస్తే ఏడున్నర నెలలు. ఎనిమిది నెలలు ఉంటానన్న నమ్మకం లేకపోతే రెండోదే తీసుకోండి. ఏడాది డబ్బు ముందే కడితే తగ్గింపు ఇస్తామంటారు. ఎంత తగ్గింపు ఇచ్చినా మొదటి నెల మాత్రం నెలవారీగానే కట్టండి. డిస్కులు, నెట్‌వర్క్ ఎలా ఉన్నాయో ఆ నెలలో తెలుస్తుంది.

పాత యంత్రం ఎందుకు చవకో కూడా అర్థం చేసుకుంటే బేరం తెలుస్తుంది. యంత్రం ఖరీదు ఎప్పుడో తీరిపోయింది. అద్దెలో మిగిలేది కరెంటు, ర్యాక్‌లో చోటు, నెట్‌వర్క్, మనిషి సమయం. 100 వాట్లు నిరంతరం లాగే యంత్రం నెలకు 72 యూనిట్ల కరెంటు తింటుంది. కాబట్టి రెండు ప్రాసెసర్ల పాత సర్వర్‌ను వాళ్లు ఒక హద్దు కన్నా కిందికి ఇవ్వలేరు. ఆ హద్దుకు దగ్గరగా ఇస్తుంటే సాధారణంగా మనిషి సమయాన్ని తగ్గించారన్నమాట. సపోర్ట్ టికెట్‌కు జవాబు ఎంతసేపట్లో వస్తుంది, రిమోట్ కన్సోల్ (సర్వర్ తెరను దూరం నుంచే చూసే సదుపాయం) ఉందా అన్నవి అప్పుడు గట్టిగా అడగాలి. జర్మనీ కంపెనీ హెట్జ్నర్ నడిపే సర్వర్ ఆక్షన్ లాంటి చోట్ల పాత యంత్రాలను సెటప్ ఫీజు లేకుండా ఇస్తుంటారు. అలాంటి వరుసలను కూడా ఇదే పద్ధతిలో వెనక నుంచే చదవండి.

ఈ వారం పని

మీ నాలుగు అంకెలకు సరిపోయే మూడు ప్రకటనలు వెతకండి. ఒక్కోదాన్ని వెనక నుంచి తిరగరాసి, ప్రతి భాగం పక్కన మీ అవసరం ఎంతో రాయండి. తర్వాత 3, 12, 24 నెలలకు అసలు నెలసరి ధర కట్టండి. ఈ లెక్కల్లో అన్నిటికన్నా మేలనిపించిన సర్వర్ వాళ్లకు డబ్బు కట్టకముందే ఈ ఉత్తరం పంపండి:

"నమస్కారం. మీ జాబితాలోని ఈ సర్వర్ తీసుకోవాలనుకుంటున్నాను. డిస్కుల స్మార్ట్ వివరాలు పంపగలరా? ర్యామ్ ఈసీసీయేనా, 32 జీబీకి పెంచితే నెలకు ఎంత అవుతుంది? డిస్కు పాడైతే మార్చడానికి ఎంత సమయం పడుతుంది, దానికి విడిగా డబ్బు తీసుకుంటారా? పన్ను కలిపి మొదటి బిల్లు ఎంత, రెండో నెల బిల్లు ఎంత?"

జవాబులో ఏముందో, ఎన్ని గంటల్లో వచ్చిందో రెండూ రాసిపెట్టుకోండి. 5వ పాఠంలో సర్వర్ చేతికొచ్చిన మొదటి రోజు చేయాల్సిన పరీక్షలను ఆ కాగితంతోనే మొదలుపెడదాం.