ఎక్స్‌కామ్‌లో సైనికులు చావకుండా ముందుకు కదలడం ఎలా?

వంతులవారీగా (టర్న్) సైనికులను కదుపుతూ ఏలియన్లతో పోరాడే వీడియో గేమ్ ఎక్స్‌కామ్: ఎనిమీ అన్‌నోన్ వచ్చింది 2012లో. ఇప్పటికీ 'గేమ్ మోసం చేస్తోంది' అని తిట్టేవాళ్లు తగులుతూనే ఉన్నారు. మోసమేం లేదండీ, కదలడం రాక చస్తున్నారు.

సరంజామా సంగతి త్వరగా కానిద్దాం. నలుగురు సైనికులు, వీలైనంతమందికి గ్రెనేడ్. మౌస్‌తోనే ఆడాలి, కంట్రోలర్ ముట్టుకోవద్దు. మన స్థావరంలో ఆఫీసర్ ట్రైనింగ్ స్కూల్ కట్టగానే జట్టులో ఐదో మనిషికి చోటు కోసం డబ్బు పెట్టండి, మిగతావి తర్వాత.

దిగగానే అందరినీ కవర్‌లో, అంటే ఏదో ఒక చాటున పెట్టండి. సగం కవర్‌కు 20, పూర్తి కవర్‌కు 40 డిఫెన్స్, కాల్చేవాడి గురిలోంచి అంత తగ్గుతుంది. రూకీ, అంటే కొత్త సైనికుడి గురి 65. పూర్తి కవర్‌లో ఉన్న ఏలియన్ మీద వాడికి మిగిలేది 25 శాతం. దగ్గరికి వెళ్తే కాస్త పెరుగుతుంది.

ఇక అందరూ బోల్తాపడే చోటు. ఏలియన్లు గుంపులుగా ఉంటాయి. మన టర్న్‌లో మనవాడి కంటపడ్డాయంటే అప్పటికప్పుడు పరిగెత్తి కవర్‌లో దూరతాయి. అప్పుడు కాల్చవు. మొదటివాడు చూస్తే మిగతా ముగ్గురూ చేతిలో ఉన్నారు. చివరివాడు చూశాడా, మన టర్న్ అయిపోయింది, కాల్చే వంతు వాటిది.

అందుకే కొత్త చోటికి వెళ్లేది మొదటివాడే, అదీ నీలం గీత లోపలే. గీత దాటితే డాష్, అంటే టర్నంతా పరుగుకే పోతుంది, ఇక వాడు కాల్చలేడు. మిగతా ముగ్గురూ అతను చూసిన నేల దాటకూడదు. చివరివాడి దగ్గరికొచ్చేసరికి 'ఇంకో రెండు గళ్లే కదా' అనిపిస్తుంది. ఒకే సేవ్ ఉండే ఐరన్‌మ్యాన్ మోడ్‌లో నా మేజర్ ఒకామెను అలాగే ట్రక్కు పక్కనుంచి రెండు గళ్లు ముందుకు జరిపాను. ఎదురుగా ముగ్గురు థిన్ మెన్, మనిషి రూపంలో ఉండే ఏలియన్లు. పాత సేవ్ ఉండదు కదా, మెమోరియల్ గోడ మీద పేరు చూసుకోవడమే.

పోరు మధ్యలో ఇంకా జాగ్రత్త. పక్కనుంచి కొడదామని ఎవరూ చూడని మూలకు పరిగెత్తితే రెండో గుంపు లేస్తుంది. నేనైతే ఆ షాట్ వదిలేసుకుంటాను, మీరూ వదిలేయాలి.

అడుగడుక్కీ ఓవర్‌వాచ్ (శత్రువు కదిలితే కాల్చేలా కాచుకోవడం) పెట్టి పాకేవాళ్లు అదే సేఫ్ అంటారు. 2013లో వచ్చిన విస్తరణ ఎనిమీ వితిన్‌లో అలా పాకి చూడండి, సైనికులను మెరుగుపరిచే మెల్డ్ అనే పదార్థం ఉన్న డబ్బాలు టర్నుల లెక్క అయిపోగానే వాటంతటవే నాశనమైపోతాయి.

గుంపు దొరికాక గ్రెనేడ్ వేయండి. గురి తప్పదు, 3 డ్యామేజ్, చాటునున్న కవర్ కూడా ఎగిరిపోతుంది. నార్మల్ స్థాయిలో సెక్టాయిడ్ అనే చిన్న ఏలియన్ ప్రాణమే 3. పేలుడుతో చంపితే పరిశోధనకు పనికొచ్చే ఆయుధ శకలాలు పోతాయని గ్రెనేడ్ దాచుకునేవాళ్లతో నేను వాదించను.