న్యాయం కోరే ప్రార్థన – 3వ పాఠం: ఎదుటివాడి మాట కూడా దేవుని ముందు పెట్టడం

మొదటి పాఠంలో 13వ కీర్తన చదివి, “ఎన్నాళ్లవరకు” అని దేవుణ్ణి నిలదీసి అడగడం తప్పు కాదని చూశాం. రెండో పాఠంలో లూకా 18లో న్యాయాధిపతిని మాటిమాటికీ అడిగిన విధవరాలి దగ్గర విసుగు లేకుండా అడగడం నేర్చుకున్నాం. మీ సొంత గోడు నాలుగు వరుసల్లో రాసి ఉంచమన్నాను కదా, ఆ కాగితం ఇప్పుడు తీయండి. రాయనివాళ్లు ముందు అది రాసుకుని ఈ పాఠంలోకి రండి, లేకపోతే ఇక్కడ చెప్పేది గాలిలో ఉంటుంది.

మన గోదావరి డెల్టాలో ఏ ఊరి సంఘంలోనైనా శుక్రవారం ఉపవాస ప్రార్థనకు ప్రార్థన చీటీలు వస్తాయి. ‘పొలం కేసు గెలవాలి’, ‘అన్నయ్య మనసు మారాలి’, ‘శత్రువుల ఆలోచనలు తారుమారవ్వాలి’. మూడేసి మాటలు. పాస్టరు గారు వాటిని గుత్తిగా పట్టుకుని ప్రార్థిస్తారు, అందరూ ఆమేన్ అంటారు. చీటీ రాయడం తప్పని నేను అనను, బాధలో ఉన్నవాళ్లకు మూడు మాటలు రావడమే ఎక్కువ. కానీ ఇంటికెళ్లాక కూడా ఆ మూడు మాటల దగ్గరే ఆగిపోతే, మనం దేవుణ్ణి న్యాయం అడగడం లేదు, తీర్పు మనమే రాసుకుని సంతకం పెట్టమంటున్నాం. ఆ చీటీని పూర్తి విన్నపంగా ఎలా మార్చాలో ఇవాళ చేతులారా చేసి చూద్దాం.

ముందు యూదా రాజు హిజ్కియాను చూడండి, రెండవ రాజుల గ్రంథం 19వ అధ్యాయం. అష్షూరు రాజు సన్హెరీబు దగ్గర నుంచి ఉత్తరం వస్తుంది. నీ దేవుడు నిన్ను కాపాడతాడని మోసపోకు, గోజాను, హారాను, రెజెపు ఏమయ్యాయో వినలేదా అని బెదిరింపు. హిజ్కియా దాన్ని చదివి, మందిరంలోకి తీసుకెళ్లి, దేవుని సన్నిధిలో విప్పి పరిచాడు. ఈ భాగం మీద ప్రసంగాలు చాలానే విని ఉంటాం. అక్కడ అందరూ దాటిపోయే వచనం ఒకటుంది, 17వది. అష్షూరు రాజులు ఆ జనాలనూ వాళ్ల దేశాలనూ పాడుచేసిన మాట నిజమేనని హిజ్కియా ప్రార్థనలోనే ఒప్పుకున్నాడు. శత్రువు రాసిన ఉత్తరంలో నిజమున్నచోట నిజమే అన్నాడు. తరువాతి వచనంలో, వాళ్లు కాల్చేసినవి దేవుళ్లు కావు, మనుషులు చేసిన కర్రలూ రాళ్లూ అని అబద్ధమున్నచోట పట్టుకున్నాడు. ఆ తర్వాతే రక్షించమని అడిగాడు. ప్రార్థన మొత్తం 15 నుంచి 19 దాకా ఐదు వచనాలే. ఎదుటివాడి మాటకు అందులో ఇంత చోటు ఇవ్వడం నాకు ఎప్పుడు చదివినా ఆశ్చర్యమే.

దీని పక్కనే సామెతలు 18:17 పెట్టుకోండి: “వ్యాజ్యెమందు వాది పక్షము న్యాయముగా కనబడును. అయితే ఎదుటివాడు వచ్చినమీదట వాని సంగతి తేటపడును.” మన ప్రార్థనల్లో వాది ఎప్పుడూ మనమే. ఎదుటివాడు అక్కడికి రాడు. కాబట్టి అతని మాట కూడా మనమే తేవాలి.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. ఒక ఉదాహరణ కల్పించుకుంటున్నాను, ఇలాంటివి భీమవరం, నర్సాపురం వైపు వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. ఒక అక్కకు కాలువ శివారున 80 సెంట్ల వరి పొలం ఉంది. పక్క రైతు తన పొలాన్ని రొయ్యల చెరువుగా తవ్వాడు. పోయిన సార్వాలో ఊడ్పులైన నెలకే చెరువు గట్టు వైపు నాలుగైదు వరుసలు కొసలు ఎండి, ఎర్రబారి, దుబ్బు కట్టకుండా చచ్చిపోయాయి. ఆమె చీటీ ఇది: ‘చెరువు వాళ్ల అన్యాయం నుంచి దేవుడు విడిపించాలి.’

మొదటి పని, చూసింది మాత్రమే రాయడం. ‘వాడు కావాలనే చేశాడు’ అన్నది చూసింది కాదు, ఊహ. ‘గట్టు వైపు వరుసలు చచ్చాయి, గట్టు కింద నీరు నాలుక మీద వేస్తే ఉప్పగా ఉంది’ అన్నది చూసింది. రాస్తూ ఉంటే తెలియనిది బయటపడుతుంది: మట్టి పరీక్ష చేయించిందా? మట్టిలో లవణాల కొలత, ఈసీ అంటారు, 4 దాటితే దాన్ని ఉప్పు నేల కింద లెక్క వేస్తారు. ఆ కాగితం చేతిలో లేకుండా దేవుని దగ్గరైనా, సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లోనైనా ఆమె చెప్పగలిగేది అనుమానమే. దేవుడికి కాగితం అవసరమా అంటారేమో. ఆయనకు అవసరం లేదు, ఆమెకు అవసరం. పొరుగువాడి మీద లేనిపోని సాక్ష్యం పలకకుండా కాపాడేది అదే.

రెండోది, ఇవాళ్టి అసలు పాఠం, అవతలి మాట. ఆ రైతును అడిగితే ఏమన్నాడు? ‘నీ పొలం ముందు నుంచీ పల్లమే, మురుగు పోదు, దానికి నా చెరువేం చేసింది?’ ఈ మాటను ఆమె కాగితం మీద అతను అన్నట్టే రాయాలి, వెటకారం కలపకుండా. రాశాక, అందులో నిజమెంతో చూడాలి. మురుగు కాలువ గుర్రపుడెక్కతో పూడిపోయిన మాట నిజం. బాగుచేయించమని ఊళ్లో ఎవరూ అడగని మాట కూడా నిజం. కానీ మురుగు ఆగితే పొలమంతా దెబ్బతినాలి, ఒక్క గట్టు వైపే కాదు. ఇదిగో, హిజ్కియా 17, 18 వచనాల్లో చేసింది ఇదే. ఒప్పుకోవలసింది ఒప్పుకుంటే, ఒప్పుకోకూడనిది గట్టిగా నిలుస్తుంది.

ఇక్కడ చాలామందికి గుండె బరువెక్కుతుంది. ‘అన్యాయమైపోయింది నేను, వాడి తరఫున నేనెందుకు రాయాలి?’ న్యాయమైన ప్రశ్నే. ఒక హద్దు చెబుతాను. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడపిల్ల, చిన్నతనంలో వేధింపు పడినవాళ్లు ఈ అభ్యాసం చేయనక్కర్లేదు. వాళ్లు 13వ కీర్తన దగ్గరే ఉండి, ముందు సురక్షితమైన చోటికి చేరి, నమ్మకమైన మనిషికి చెప్పి, పోలీసుల సాయం తీసుకోవాలి. కొట్టినవాడి వాదన రాయమని వాళ్లతో ఎవరైనా అంటే, అది భక్తి కాదు. ఈ పాఠం గట్లు, పంపకాలు, బాకీలు, సంఘంలో పదవుల తగాదాల లాంటి వాటికి.

మూడోది తన్ను తాను తెరిచి చూపడం. 139వ కీర్తన చివర “దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము” అనే మాట ఉంది. దానికి కాస్త పైనే, 19వ వచనంలో, భక్తిహీనులను సంహరించమన్న మాటా ఉంది. కోపం చల్లారాక కాదు, కోపం మధ్యలోనే కీర్తనకారుడు తనను పరీక్షించమన్నాడు. మన అక్క కాగితంలో అది ఇలా వస్తుంది: ‘ప్రభువా, అతని చెరువుకు రోగం వస్తే సంతోషిస్తానని నాకు తెలుసు. అది నీ ముందు దాచను.’

109వ కీర్తనలాంటి శాప వచనాల సంగతి ఏమిటని మీలో ఒకరిద్దరైనా అడుగుతారు. చదవండి. ఆ కోపాన్ని కీర్తనకారుడు కత్తి పట్టుకుని తీర్చుకోలేదు, దేవుని చేతిలో పెట్టాడు. రోమా 12:19 చెప్పేదీ అదే. అయితే ఆ వచనాలను మైకులో, పొరుగువాడి ఇంటివైపు హారన్ తిప్పి, పేరు పెట్టినంత పని చేసి చదవడం వేరే సంగతి. అది ప్రార్థన పేరుతో వీధి తగువు.

చివరిది అడగడం. ఇక్కడ రెండు విషయాలు అడగాలి, మనం మాత్రం ఒకటే అడుగుతాం. న్యాయం అడుగుతాం, జ్ఞానం మర్చిపోతాం. సొలొమోను గిబియోనులో అడిగింది చూడండి, మొదటి రాజులు 3:9. మంచి చెడ్డలు వివేచించి న్యాయం తీర్చడానికి వివేకంగల హృదయం కావాలన్నాడు. అంటే జ్ఞానం అడిగిందే న్యాయం కోసం. యాకోబు 1:5లో దేవుడు జ్ఞానాన్ని “ఎవనిని గద్దింపక” ఇస్తాడని ఉంది, ఇంత చిన్న విషయానికి కూడా నన్ను అడగాలా అని కసరడు. కాబట్టి అక్క అడగవలసింది: నా పంట నష్టానికి న్యాయం జరగనివ్వు, ఎవరితో ముందు మాట్లాడాలో, ఏ మాటతో మొదలుపెట్టాలో తెలివి ఇవ్వు.

మొత్తం కలిపితే ఇలా వస్తుంది:

‘తండ్రీ, భూమీ నీళ్లూ నీవి. గట్టు పక్క నా వరి చచ్చింది, అక్కడి నీరు ఉప్పగా ఉంది. మట్టి ఇంకా పరీక్ష చేయించలేదు, ఈ వారం చేయిస్తాను. నా పొలం పల్లమని, మురుగు పోదని అతనంటున్నాడు. మురుగు పూడిన మాట నిజమే. కానీ చచ్చింది గట్టు వైపే, అది నీకు తెలుసు. అతను నష్టపోతే బాగుండునని నాలో ఉంది, దాన్ని తీసెయ్యి. నాకు న్యాయం తీర్చు. ముందు అతని దగ్గరికే వెళ్లాలా, పెద్దమనుషులతో వెళ్లాలా, తహసీల్దారుకు అర్జీ పెట్టాలా, నాకు తెలియడం లేదు. తెలివి ఇవ్వు.’

అర్జీ పెడితే విశ్వాసం తక్కువైనట్టు కాదు. అపొస్తలుల కార్యములు 25లో పౌలు, యెరూషలేములో తనకు న్యాయం దొరకదని చూసి, రోమా పౌరుడిగా తనకున్న హక్కుతో కైసరు, అంటే రోమా చక్రవర్తి, ఎదుట చెప్పుకుంటానన్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఆక్వా సాగు నియంత్రణకు 2020లో చేసిన చట్టం ఉంది, చెరువుకు లైసెన్సు ఉందో లేదో అడగడం ఆమె హక్కు. ‘నీ కేసు గెలుస్తావని దేవుడు నాతో చెప్పాడు’ అని ఎవరైనా వచ్చి చెబితే మాత్రం, థాంక్స్ చెప్పి, మట్టి పరీక్షకు వెళ్లండి.

అభ్యాసం. సంఖ్యాకాండము 27:1–11 చదవండి. సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా, తండ్రి ఆస్తిలో భాగం అడుగుతూ మోషే ముందు నిలబడ్డారు. వాళ్ల మాటల్లో చూసినవి ఏవి, తండ్రి గురించి ఒప్పుకున్నది ఏది, అడిగింది ఏది, మూడూ విడివిడిగా గుర్తించండి. 3వ వచనంలో తండ్రి తన పాపాన్ని బట్టే చనిపోయాడని వాళ్లే చెప్పడం వదిలిపెట్టకండి. మోషే వెంటనే తీర్పు చెప్పకుండా ఏం చేశాడో కూడా రాయండి. మన క్రైస్తవ కుటుంబాల్లో కొబ్బరి తోటల పంపకాలప్పుడు ఈ అధ్యాయం ఎందుకో ఎవరికీ గుర్తురాదు. తండ్రి వీలునామా రాయకుండా పోతే, 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం క్రైస్తవ కూతురికీ కొడుకుతో సమాన వాటా ఉంది.

తరువాత మీ నాలుగు వరుసల కాగితాన్ని అక్క విన్నపంలా పెంచి రాయండి. అవతలి మాట రెండు వాక్యాలైనా ఉండాలి, దాన్ని చదివి ఆ మనిషి ‘అవును, నేనన్నది ఇదే’ అనేట్టు ఉండాలి. ఎవరికీ చూపించనక్కర్లేదు.

వచ్చే పాఠం జవాబు రాని రోజుల గురించి. హబక్కూకు మొదటి అధ్యాయం, రెండో అధ్యాయంలో మొదటి నాలుగు వచనాలు చదివి ఉంచండి. యాకోబు 3:17 కూడా ఒకసారి చూడండి, వచ్చిన ఆలోచన పైనుంచి వచ్చిందో, మన పంతం నుంచి వచ్చిందో పోల్చుకోవడానికి అక్కడి మాటలే వాడతాం. కాగితం వెనకవైపు ఖాళీగా వదిలేయండి, దానితో పని ఉంది.