శోధనతో వాదన పెట్టుకోవద్దు: ఒక సంఘ ట్రెజరర్ అనుభవం

మా సంఘంలో కానుకల లెక్క చూసేది నేనే. పదకొండేళ్లుగా ట్రెజరర్‌ని. ఆరాధన అయ్యాక ఇద్దరం కూర్చుని లెక్కపెట్టి, ఇద్దరం సంతకాలు పెట్టాలని మా నియమం. కొన్నేళ్ల కిందట ఒక ఆదివారం ఆ రెండో ఆయనకు ఒంట్లో బాగోలేక రాలేదు. "పర్లేదండీ, ఇంటికి తీసుకెళ్లి నేనే చూసుకుంటా" అని పాస్టరు గారితో అన్నాను. అప్పటికి నా ఉద్యోగం పోయి నాలుగు నెలలు. నా భార్య ఆస్పత్రిలో ఉంది. అయినా ఆ మాట అన్నప్పుడు నా మనసులో ఏ దురుద్దేశమూ లేదు. నిజంగానే లేదు.

రాత్రి పదకొండు దాటాక సంచి విప్పాను. నోట్లు వేరు చేసి కట్టలు కట్టాను. ఒక కట్ట మాత్రం పక్కన పెట్టాను. ఎందుకు పెట్టానో ఆ క్షణంలో అడిగితే చెప్పలేకపోయేవాణ్ని. కాసేపటికి లోపల ఒక లాయర్ మొదలుపెట్టాడు. నెలాఖరుకు తిరిగి పెట్టేస్తావు కదా. ఇది దొంగతనం కాదు, అప్పు. దేవుని డబ్బు దేవుని బిడ్డ వైద్యానికే కదా వాడుతున్నావు. చివరికి వాక్యం కూడా ఎత్తాడు: ఆకలేసినప్పుడు దావీదు, యాజకులు మాత్రమే తినాల్సిన మందిరంలోని సముఖపు రొట్టెలు తినలేదా?

ఆ కట్టను ఒక కవరులో పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాను. మంగళవారం రాత్రి దాకా అది ఆ జేబులోనే ఉంది.

ఆ రెండు రోజుల్లో, ఆ తర్వాత వచ్చిన కష్టకాలంలో నేర్చుకున్నవే ఇక్కడ రాస్తున్నాను. నేను పాస్టర్‌ని కాదు, బైబిల్ కాలేజీలో చదవలేదు. లెక్కలు రాసుకునేవాణ్ని.

ముందు ఒక మాట సంగతి. కొత్త నిబంధన రాసిన గ్రీకు భాషలో శోధనకూ పరీక్షకూ వాడేది ఒకే మాట, పెయిరాస్మోస్. యాకోబు పత్రిక మొదటి అధ్యాయమే చూడండి. 2వ వచనంలో నానా విధాల శోధనల్లో పడితే ఆనందంగా ఎంచుకోమంటాడు. అక్కడ అతని మనసులో ఉన్నది శ్రమలు. 13వ వచనానికి వచ్చేసరికి, శోధింపబడినవాడు "దేవుడే నన్ను శోధిస్తున్నాడు" అనకూడదంటాడు. అక్కడ చెప్పేది పాపం వైపు లాగే ఆకర్షణ గురించి. మాట మూలం ఒకటే. ఉద్యోగం పోవడం నాకు శ్రమ. ఆ శ్రమే సంచి ముందు కూర్చున్నప్పుడు శోధన అయింది.

రెండూ కలిసి వచ్చినా, మనం చేయాల్సింది మాత్రం ఒకటి కాదు. పాపపు ఆకర్షణ దగ్గర నుంచి పారిపోవాలి. శ్రమలో నిలబడాలి. మనం సరిగ్గా తిప్పి చేస్తాం. ఆకర్షణ ముందు కుర్చీ వేసుకుని వాదిస్తాం, శ్రమ రాగానే ప్రార్థన, సంఘం వదిలేసి పారిపోతాం.

పారిపోవాల్సిన చోట

శోధన మొదటి నిమిషంలో బలహీనంగా ఉంటుంది. దానితో పది నిమిషాలు మాట్లాడితే మనం బలహీనులమవుతాం. ఆదికాండం 3లో సర్పం మొదట పాపం చేయమనలేదు, ఒక ప్రశ్న అడిగింది. హవ్వ జవాబివ్వబోయి, దేవుడు చెప్పని "ముట్టకూడదు" అనే మాట కూడా కలిపింది. అదే పుస్తకంలో యోసేపు మాత్రం, తనతో పడుకోమని రోజూ వేధించిన యజమాని పోతీఫరు భార్యతో ఆ చివరి రోజున వాదనకు దిగలేదు. వస్త్రం ఆమె చేతిలోనే వదిలేసి బయటికి పరుగెత్తాడు. పౌలు కూడా జారత్వం విషయంలో, ధనాపేక్ష విషయంలో, యౌవనేచ్ఛల విషయంలో పారిపొమ్మనే రాశాడు. "అపవాదిని ఎదిరించుడి", అంటే సాతానును ఎదిరించమని, యాకోబు అన్నాడు కదా అంటారు కొందరు. అన్నాడు. ఆ వచనం "దేవునికి లోబడియుండుడి" అని మొదలవుతుంది. మనం ఆ సగం దాటేసి నేరుగా కుస్తీకి దిగుతాం.

పారిపోవాలంటే ఎప్పుడు, ఎక్కడి నుంచో ముందే తెలియాలి. ఒక నోటుపుస్తకం వెనక పేజీలో రెండు వారాలు రాసుకోండి. ఆ ఆలోచన ఎన్ని గంటలకు వచ్చింది, ఎక్కడ ఉన్నారు, పక్కన ఎవరున్నారు, కడుపు నిండి ఉందా, నిద్ర చాలిందా. అంతే. పాపం పేరు రాయక్కర్లేదు, ఎవరైనా చూస్తారన్న టెన్షన్ ఉండదు. నా పేజీ చూస్తే నాకే సిగ్గేసింది. ప్రతిసారీ రాత్రి పదకొండు తర్వాతే, ఒంటరిగానే, ఆస్పత్రి నుంచి వచ్చి ఏమీ తినకుండా కూర్చున్నప్పుడే. నేను దాన్ని పెద్ద ఆత్మీయ పోరాటం అనుకున్నాను. సగం నిద్రలేమి. నలభై దినాల ఉపవాసం తర్వాత యేసుకు ఆకలైనప్పుడే శోధకుడు వచ్చాడు. మొదట ఎత్తింది కూడా రొట్టెల మాటే.

కంచె వేయాల్సింది ఆ గంటకు, ఆ చోటుకు. ఫోన్‌లో చూడకూడనివి చూసే అలవాటుంటే ఛార్జర్ పడకగదిలో ఉండకూడదు. తాగుడు మానినవాళ్లు ఆ దారిలో నడవకూడదు, రెండు వీధులు ఎక్కువైనా సరే. కోపం మీ బలహీనత అయితే రాత్రి వచ్చిన మెసేజ్‌కి పొద్దున జవాబివ్వండి. ఇవి చిన్నతనంగా అనిపిస్తాయి, "నాకు ఆ మాత్రం నిగ్రహం లేదా" అనిపిస్తుంది. ఆ రాత్రి నాకు లేదు.

1 కొరింథీయులకు 10:13లో "తప్పించుకొను మార్గము" అనే మాట ఉంది. అదేదో అద్భుతంగా కనిపిస్తుందని ఎదురుచూసేవాణ్ని. 2 సమూయేలు 11 మళ్లీ చదివాక అభిప్రాయం మారింది. దావీదు రాజు మిద్దె మీద నుంచి స్నానం చేస్తున్న ఒక స్త్రీని చూశాడు, ఆమె ఎవరని అడిగించాడు. ఊరియా భార్య అని జవాబు వచ్చింది. ఆ జవాబే తలుపు అని నాకనిపిస్తుంది. అక్కడ ఆగిపోవచ్చు. ఆగలేదు. మార్గం చాలాసార్లు అలాగే, చప్పగా, ఒక మామూలు సమాచారంలా వస్తుంది. నాకూ వచ్చింది: సోమవారం పొద్దున ఆ రెండో ఆయన ఫోన్ చేసి "లెక్క అయిందా తమ్ముడూ?" అని అడిగాడు. "అయింది" అన్నాను.

వాక్యం గురించి కూడా చెప్పాలి. అరణ్యంలో శోధకుడికి యేసు ఇచ్చిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండం 6, 8 అధ్యాయాల నుంచి తీసుకున్నవే. మూడూ చిన్న వాక్యాలు. 4వ శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో బతికిన ఎవాగ్రియస్ అనే సన్యాసి మనిషిని పట్టే తలంపులను ఎనిమిది రకాలుగా విడదీసి, ఒక్కోదానికి ఎదురుచెప్పే లేఖనాలు ఏర్చి పెట్టాడు. మనకు అంత అక్కర్లేదు. మీ పేజీలో ఎక్కువసార్లు కనబడిన ఒక్క బలహీనతకు ఒక్క వాక్యం చాలు. నాది హెబ్రీయులకు 13:5, ధనాపేక్ష లేకుండా ఉండమని మొదలై "నిన్ను ఏమాత్రమును విడువను" అనే వాగ్దానం దాకా వెళ్తుంది. దాన్ని నోటితో పైకి చెప్పి, ఆ గదిలోంచి లేచి వెళ్లాలి. చెప్పి అక్కడే కూర్చుంటే లాభం లేదు. వాక్యం తాయెత్తు కాదు. అపవాది కూడా యేసు దగ్గర 91వ కీర్తన వల్లించాడు, నా లాయర్ సముఖపు రొట్టెల కథ చెప్పాడు.

ఒక మనిషికి చెప్పండి

అన్నిటికంటే కష్టమైనదీ, నాకు నిజంగా పనికొచ్చిందీ ఇదే. మంగళవారం రాత్రి ఆ రెండో ఆయనకు ఫోన్ చేశాను.

"అన్నా, నేను అబద్ధం చెప్పాను. లెక్క కాలేదు. కొంత డబ్బు విడిగా పెట్టాను."

కాసేపు మాట లేదు. "ఇప్పుడు ఎక్కడుంది?" అన్నాడు.

"జేబులో."

"ముట్టుకోకు. వస్తున్నా."

జ్వరం పూర్తిగా తగ్గని మనిషి వచ్చాడు. వాక్యం చెప్పలేదు, ఉపదేశం చేయలేదు. కవరు తీయించి, మొత్తం మొదటి నుంచి లెక్కపెట్టించి, సంతకం పెట్టాడు. మర్నాడు నాతోపాటు పాస్టరు గారి దగ్గరికి వచ్చాడు. ఆరు నెలలు నన్ను ఆ బాధ్యత నుంచి తప్పించారు. అప్పుడు బాధేసింది. ఇప్పుడు అది కూడా ఒక కంచే అనుకుంటున్నాను.

ఎవరికి చెప్పాలి? పాస్టరు గారికే చెప్పాలని లేదు. తన తప్పు ఒకటి మీకు ఎప్పుడైనా చెప్పినవాళ్లు, ఇతరుల సంగతులు మీ దగ్గర మొయ్యనివాళ్లు, రాత్రి ఫోన్ ఎత్తేవాళ్లు. ఆ మూడూ ఉన్న మనిషి ఒక్కరు చాలు. గ్రూపులో "ప్రార్థన విన్నపం" అని మాత్రం పెట్టకండి. పొద్దునకల్లా అది వార్త అవుతుంది.

నిలబడాల్సిన చోట

ఇక శ్రమ. ఆస్పత్రి వరండాలో ఒకావిడ ప్రేమగానే అంది: "మీకు విశ్వాసం సరిగ్గా ఉంటే ఇది రాదు బ్రదర్." ఆమె మీద నాకు కోపం లేదు కానీ ఆ మాట తప్పు. పౌలు తన శరీరంలో ముల్లు అని పిలిచిన బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును". ముల్లు పోలేదు. అన్నీ పోగొట్టుకున్న యోబుకు అతని స్నేహితులు చేసిన ఒకే ఒక్క మంచి పని ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు మూసుకుని అతని పక్కన నేల మీద కూర్చోవడం. నోరు తెరిచాకే పాడుచేశారు. ఎవరి మీదైనా శ్రమ వచ్చినప్పుడు "ఏ పాపం వల్లో" అని వెతకొద్దు, మీ విషయంలో కూడా.

నిలబడటం అంటే పళ్లు బిగించి నవ్వడం కాదు. దేవుని గురించి నలుగురి దగ్గర సణిగే బదులు, దేవుడితోనే చెప్పుకోవడం. 13వ కీర్తన "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలవుతుంది. ఆరే వచనాలు. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని మొదటి రెండు వచనాలు మాత్రమే చదివిన రోజులున్నాయి. మిగతా నాలుగూ నోటికి రాలేదు, వాటిలో సంతోషం ఉంది. మీకూ రాకపోతే ఆగిపోండి. 88వ కీర్తన చివరిదాకా చీకటిగానే ఉంటుంది, అయినా బైబిల్లో ఉంచారు.

తినండి, పడుకోండి. చచ్చిపోతానని అడిగిన ఏలీయా ప్రవక్తను దూత తిట్టలేదు, రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు. రెండోసారి వచ్చి మళ్లీ తినమన్నాడు. హోరేబు కొండ దాకా నడక ఆ తర్వాతే. బతకాలని లేదు అనే ఆలోచన మీకు వస్తుంటే ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ప్రార్థన దానితోపాటు నడుస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్లడం అవిశ్వాసం కాదు.

చీకట్లో పెద్ద నిర్ణయాలు మార్చొద్దు. 16వ శతాబ్దంలో ఇగ్నేషియస్ లయోలా అనే కాథలిక్ గురువు ఇదే నియమం రాశాడు: మనసుకు ఆదరణ లేని కాలంలో, వెలుగులో తీసుకున్న తీర్మానాన్ని మార్చుకోకూడదు. ఆ ఆరు నెలల్లో సంఘం మానేస్తానని కాగితం రాసి దిండు కింద పెట్టుకున్నాను. ఇవ్వలేదు. చివరి వరుసలో కూర్చుని, పాటలు పాడకుండా, ఆశీర్వాదం కాగానే వెళ్లిపోయేవాణ్ని. నిలబడటం అంటే నాకు ఆ కాలంలో అంతే.

ఒక్క విషయంలో మాత్రం నిలబడమని ఎవరు చెప్పినా వినకండి. ఇంట్లో ఎవరైనా కొడుతుంటే అది ఓర్చుకోవాల్సిన పరీక్ష కాదు. సౌలు రాజు ఈటె విసిరితే దావీదు తప్పుకుని ఆ రాత్రే పారిపోయాడు. ఎవరూ దాన్ని అవిశ్వాసం అనలేదు.

నా భార్య ఇంటికి వచ్చింది. ఎడమచేతికి ఇప్పటికీ పట్టు రాలేదు. ఇంకా అడుగుతూనే ఉన్నాం.

పడిపోయాక

యేసును పట్టుకెళ్లిన రాత్రి ఆయన శిష్యుడు పేతురు చలి కాచుకుంటూ బొగ్గుల మంట దగ్గర నిలబడి యేసు ఎవరో తెలియదన్నాడు. యోహాను సువార్తలో బొగ్గుల మంట మళ్లీ 21వ అధ్యాయంలో, సముద్రం ఒడ్డున కనబడుతుంది. ఈసారి దాన్ని సిద్ధం చేసింది యేసు. మూడుసార్లు బొంకిన మనిషిని మూడుసార్లు అడిగి, పని అప్పగించాడు. ఆ మంట వాసన పేతురుకు ఎలా ఉండి ఉంటుందో నేను చాలాసార్లు ఆలోచించాను. పడిన చోటును తప్పించి పక్కదారిన తీసుకెళ్లలేదు ఆయన. కాబట్టి పడితే దాక్కోకండి, అదే రోజు చెప్పండి. నేను రెండు రోజులు ఆలస్యం చేశాను, ఆ రెండు రోజులూ ప్రార్థన పెదవుల దగ్గరే ఆగిపోయింది.

ఆరు నెలలయ్యాక సంచి మళ్లీ నాకే ఇచ్చారు. ఇప్పుడు గది తలుపు తీసి ఉంచి లెక్కపెడతాం. అన్న రాలేని ఆదివారం సంచి విప్పను. ముడి వేసి, దాని మీద పాస్టరు గారు సంతకం చేసిన కాగితం అంటించి, ఆయన బీరువాలో పెట్టి వచ్చేస్తాను.