ఒంటరిగా బైక్ ర్యాలీకి: కోనసీమ దారుల్లో బండి పెట్టే తిప్పలు, వాటికి మందు

రాజమండ్రి నుంచి రావులపాలెం మీదుగా అమలాపురం 60 కిలోమీటర్ల పైచిలుకు. పొద్దున్నే బయల్దేరితే ర్యాలీలో తిరిగి, చీకటి పడేలోపు ఇల్లు చేరొచ్చు. ఈ దూరం ఏ బండికీ లెక్క కాదు. బండిని అలవగొట్టేది ర్యాలీయే. గంటల తరబడి నడక వేగం, ఫస్ట్ గేర్, నెత్తిన ఎండ. పక్కన మనవాళ్లు లేనప్పుడు ఏ లక్షణం కనిపిస్తే వెంటనే ఆగాలో, దేనికి మెల్లగా ముందుకు పోవచ్చో మనమే తేల్చుకోవాలి. ఆ తేడా తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇంజిన్ గోల పెడుతోంది, బండి మాత్రం లాగట్లేదు

ఇది ఆగాల్సిన లక్షణం. యాక్సిలరేటర్ తిప్పితే శబ్దం పెరుగుతుంది, వేగం పెరగదు. ఒక్కోసారి కాలిన వాసన కూడా వస్తుంది. క్లచ్ ప్లేట్లు జారుతున్నాయన్నమాట. ముందు బండి రెండడుగులు కదిలినప్పుడల్లా క్లచ్ సగం నొక్కి బండిని పాకిస్తూ ఉంటాం. ఆ సగం నొక్కుడులోనే ప్లేట్లు ఒరుసుకుని వేడెక్కుతాయి. "బండి తప్పేం లేదండి, మీరు క్లచ్ మీద చెయ్యి తియ్యట్లేదు, ఆయ్" అని మన వైపు మెకానిక్‌లు చెప్పేది దీని గురించే.

ఎడమ పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, 15-20 నిమిషాలు నీడలో వదిలేయండి. చల్లారాక క్లచ్ లివర్‌ను ఒక్క వేలితో కదిపి చూడండి. లివర్ చివర సుమారు సెంటీమీటరు నుంచి సెంటీమీటరున్నర దాకా ఊరికే ఆడాలి, ఆ తర్వాతే కేబుల్ పట్టు తగలాలి. ఏమాత్రం ఆడకపోతే కేబుల్ బిగుసుకుని ఉంది, అంటే మీరు చెయ్యి తీసినా క్లచ్ పూర్తిగా వదలట్లేదు. లివర్ దగ్గరున్న లాక్ నట్ వదులు చేసి, అడ్జస్టర్‌ను లోపలికి తిప్పుతూ ఆ ఆట తెచ్చుకోండి, మళ్లీ నట్ బిగించండి. చాలా బండ్లకు దీనికి పానా కూడా అక్కర్లేదు, చేత్తోనే తిరుగుతుంది. ఇంత చేసినా జారుతుంటే ర్యాలీ మానుకుని, యాక్సిలరేటర్ తక్కువ వాడుతూ దగ్గర్లోని మెకానిక్ దాకా పోవడమే.

మళ్లీ రాకుండా ఉండాలంటే ముందు నాలుగైదు బండ్ల జాగా వదలండి. జాగా దొరికాక క్లచ్ పూర్తిగా వదిలి కదలండి, అయిపోతే న్యూట్రల్ చేసి ఆగండి. వెనకనుంచి హారన్ కొడతారు. కొట్టనివ్వండి.

న్యూట్రల్ పడట్లేదు, మోకాళ్లకు సెగ తగులుతోంది

గాలితో చల్లబడే ఇంజిన్‌కు రేకుల మధ్య గాలి ఆడాలి. నడక వేగంలో ఆ గాలి ఉండదు, ఆయిల్ పలచబడుతుంది, గేర్లు మొండికేస్తాయి. ఇంజిన్ ఆపడం ఒక్కటే మందు. చుట్టూ కాలువలే కదా అని మగ్గు నీళ్లు తెచ్చి పొయ్యకండి, ఎర్రగా కాగిన లోహం మీద చన్నీళ్లు పడితే పగుళ్లివ్వొచ్చు. చల్లారాక, సమంగా ఉన్న నేల మీద బండిని నిటారుగా నిలబెట్టి ఆయిల్ చూసుకోండి. గట్టు మీద వాలి ఉన్న బండిలో చూస్తే లెక్క తప్పుతుంది.

టీ తాగి వచ్చేసరికి స్టార్ట్ అవ్వట్లేదు

మొదట హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపే ఎర్ర స్విచ్ చూడండి. గుంపులో ఎవరి చెయ్యో తగిలి ఆఫ్ అయి ఉంటుంది. తర్వాత సైడ్ స్టాండ్ దిగి ఉందేమో, ఆ తర్వాత పెట్రోలు ఉందో లేదో చూడండి.

ఇవన్నీ బాగానే ఉండి, బండి నాలుగైదు వారాలుగా ఇంట్లో ఊరికే ఉన్నదైతే నీటి మీద అనుమానపడాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, మన డెల్టాలో గాలికి తేమ కరువా? నీరు ఎక్కువైతే విడిపోయి అడుగుకు చేరుతుంది. కార్బురేటర్ బండి అయితే పెట్రోలు కాక్ (ట్యాంకు కింద ఉండే కుళాయి) కట్టేసి, కార్బురేటర్ గిన్నె అడుగునున్న చిన్న స్క్రూ వదులు చేసి, వచ్చింది ఒక గాజు సీసాలో పట్టండి. వెలుతురుకు ఎత్తి చూస్తే అడుగున వేరే పొర గానీ, దొర్లే బిందువులు గానీ కనిపిస్తే అదే దొంగ. స్క్రూ బిగించి, కాక్ తిప్పి, మళ్లీ స్టార్ట్ చేసి చూడండి. ఇంజిన్ వేడిగా ఉండగా ఈ పని వద్దు. చుట్టుపక్కల బీడీ, సిగరెట్ లేకుండా చూసుకోండి. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి అయితే దీని జోలికి పోకుండా మెకానిక్‌కు అప్పజెప్పడమే మేలు.

సైడ్ స్టాండ్ దిగబడి బండి పడిపోతోంది

మెత్తటి నేల. స్టాండ్ కింద చెక్కముక్కో, ఎండిన కొబ్బరి మట్ట మొదలో పెట్టండి. సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లను గోదావరి దాటించే పడవ) ఎక్కితే స్టాండ్‌ను నమ్మకండి. గేర్‌లో ఉంచి, పక్కనే నిలబడి, ముందు బ్రేకు పట్టుకోండి.

రోడ్డు బాగున్నా వెనక చక్రం జారుతోంది

టైరును తిట్టే ముందు రోడ్డు చూడండి. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) కోతలప్పుడు కాలువ గట్ల రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు. గింజలు చక్రం కింద గోళీల్లా దొర్లుతాయి. అంచుల్లో రాళ్లు కూడా పేర్చి ఉంటాయి, చీకట్లో అవి కనపడవు. దూరం నుంచే గేర్ తగ్గించుకుని, నిటారుగా, ఒకే వేగంతో దాటండి. గింజల మీద ముందు బ్రేకు ముట్టుకోవద్దు. రైతు పంట అది, మరో దారి ఉంటే తొక్కకుండా పోవడం ధర్మం.

గింజలేమీ లేకుండా వెనక భాగం అటూ ఇటూ ఊగుతుంటే వెనక చక్రం పంక్చర్. హ్యాండిల్ బరువెక్కితే ముందుది. రెండింటికీ యాక్సిలరేటర్ వదిలి, వేగం దానంతటది తగ్గనివ్వాలి. గాలి పోయిన చక్రానికి బ్రేకు వెయ్యకూడదు.

గుంపు చివర్లో ఉంటే ఊరికే బ్రేకు, ఊరికే రేజింగ్

ముందువాళ్లు కాస్త తగ్గిస్తే ఆ తగ్గుదల వెనక్కి వచ్చేకొద్దీ పెరుగుతుంది, చివరివాడు పూర్తిగా ఆగాల్సి వస్తుంది. ముందు బండికి రెండు సెకన్ల దూరం ఉంచి, సరిగ్గా దాని వెనకాల కాకుండా కాస్త పక్కకు జరిగి నడపండి. ఒంటరిగా వచ్చానని, ఎక్కడ విడిపోతానో నిర్వాహకులకు ముందే చెప్పండి. లేకపోతే మీరు తప్పిపోయారని వాళ్లు ఆగి వెతుకుతారు.

ఇండికేటర్ వేసి మర్చిపోతున్నారు, మలుపు దాటాక గుర్తొస్తోంది

లోపం బండిది కాదు, ఒంట్లో నీళ్లు తగ్గాయి. ఉక్కపోతలో జాకెట్ కింద ఎంత చెమట పడుతుందో తెలియదు. జంటగా వెళ్తే పక్కవాళ్లు గమనిస్తారు. ఒంటరిగా ఉన్నప్పుడు ఈ చిన్న మరుపులే గుర్తు. కొబ్బరి బొండాం తాగి, హెల్మెట్ తీసి, అరగంట కూర్చోండి. తల తిరుగుతుంటే, వాంతి వచ్చేలా ఉంటే బండి ఎక్కకుండా 108కి ఫోన్ చెయ్యండి.

తిరుగు ప్రయాణంలో ఎదుటి లైట్లు కళ్లల్లో పగులుతున్నాయి

సాయంత్రం చేల పక్కన లేచే పురుగులు హెల్మెట్ ముందు అద్దానికి (వైజర్‌కు) కొట్టుకుని ఎండిపోతాయి. పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడి ఇంకా చెడుతుంది. తడి రుమాలు రెండు నిమిషాలు పరిచి ఉంచి, నానాక మెల్లగా పైనుంచి కిందికి తీసెయ్యండి. గీతలు ముందే ఉన్న వైజర్ అయితే ర్యాలీ ఇంకా ముగియకపోయినా సరే, పొద్దు గూకేలోపే రావులపాలెం దాటెయ్యండి.