క్షిపణి వీడియో అర్థం కావట్లేదా? సమస్య - పరిష్కారం

వైజాగ్‌లో నేవీవాళ్లు లేని వీధి తక్కువ. యుద్ధం వీడియో ఒకటి వస్తే చాలు, అపార్ట్‌మెంట్ గ్రూపులో అందరూ నిపుణులే. తరచూ వచ్చే సందేహాలు ఇవి.

సమస్య: ట్యాంకు ఎదురుగా ఉంటే క్షిపణి పైకి లేచింది. గురి తప్పిందా?

కారణం: ట్యాంకుకు ముందు కవచం మందం, పైకప్పు పలచన. అందుకే ట్యాంకులను కొట్టే అమెరికా క్షిపణి జావెలిన్ దాదాపు 150 మీటర్లు లేచి నెత్తిన పడుతుంది. మన దేశపు నాగ్ క్షిపణిదీ అదే దారి.

పరిష్కారం: చివరి రెండు సెకన్లు స్లోగా చూడండి.

సమస్య: కాల్చినవాడు పారిపోకుండా అక్కడే కూర్చున్నాడేంటి?

కారణం: కొంకుర్స్, మిలాన్ లాంటి ట్యాంకు క్షిపణులకు తగిలేదాకా గురిని ట్యాంకు మీదే నిలపాలి. ఆదేశాలు సన్నటి తీగలో వెళ్తాయి. కొంకుర్స్ 4 కిలోమీటర్లు వెళ్లడానికి సుమారు 20 సెకన్లు. అవతలివాడు తుపాకీ తిప్పడానికి అది చాలా ఎక్కువ. సబ్‌మెరైన్ నుంచి వదిలే భారీ టార్పిడోల్లోనూ ఇలా తీగ లాక్కుపోయేవి ఉన్నాయి.

పరిష్కారం: మీట నొక్కగానే జట్టు జారుకుంటే, లక్ష్యాన్ని క్షిపణే చూసుకునే రకమని దాదాపు చెప్పొచ్చు.

సమస్య: ఖరీదైన హీట్ సీకర్ (వేడిని బట్టి లక్ష్యాన్ని వెతికే క్షిపణి కన్ను) ఉండి కూడా పట్టపగలు ట్యాంకు దొరకలేదు.

కారణం: సీకర్‌కు కావాల్సింది వేడి కాదు, వేడిలో తేడా. మే నెల మధ్యాహ్నం ఆర్కే బీచ్‌లో ఇసుక, ఆగి ఉన్న బస్సు రెండూ ఒకేలా కాలుతుంటే ఏది విడిగా కనిపిస్తుంది? రాజస్థాన్ ఎడారి ఎండలో నాగ్‌కు వచ్చిన చిక్కు ఇదే. సీకర్‌ను మెరుగుపరిచాక, 2020 అక్టోబరులో పోఖ్రాన్‌లో తుది పరీక్ష పూర్తయింది. పొద్దున, సాయంత్రం కూడా నేల, ఇనుము ఉష్ణోగ్రతలు కాసేపు కలిసిపోతాయి.

పరిష్కారం: "ఫెయిల్" అనేముందు వీడియో ఏ వేళది, ఏ నేల మీదో చూడండి. మన గ్రూపుల్లో ఎవరూ చూడనిది అదే!

సమస్య: ట్యాంకు కొండ వెనకుంది. కనబడకుండా ఎలా కొట్టారు?

కారణం: నెట్‌వర్క్. డ్రోన్ చూస్తుంది, స్థానం చేరవేస్తుంది, ఇంకెవరో కాలుస్తారు. స్పైక్ ఎన్‌ఎల్‌ఓఎస్ అనే ఇజ్రాయెల్ క్షిపణి రేడియో లింకుతో 25 కిలోమీటర్లు దాటి వెళ్తూ, తన కెమెరా దృశ్యాన్ని వెనక్కి పంపుతుంది. లక్ష్యాన్ని దారిలోనే మార్చొచ్చు.

పరిష్కారం: క్షిపణి కెమెరా బొమ్మ ఆగిపోతే తగిలిందని చప్పట్లు కొట్టొద్దు. జామింగ్‌తో, అంటే శత్రువు రేడియో సిగ్నల్‌ను అడ్డుకోవడంతో, లింకు తెగినా అలాగే ఆగుతుంది. ఇంకో డ్రోన్ బయటనుంచి తీసిన వీడియో వచ్చేదాకా లెక్కలోకి తీసుకోకండి.