బోటు ఇంజన్ కారులోకి – 3వ పాఠం: బేరానికి ముందు నీళ్ల దారి చూడండి

పోయిన పాఠంలో బానెట్ కింద జాగా కొలిచాం. ఈసారి అడ్వాన్స్ చేతిలో పెట్టే ముందు ఇంజన్‌ను ఎలా చూడాలో నేర్చుకుందాం. మన పాఠం బోటు లోపల ఉండే ఇన్‌బోర్డ్ ఇంజన్ గురించే. వెనక వేలాడే అవుట్‌బోర్డ్‌లో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్ట్) నిలువుగా ఉంటుంది, అది కారుకు పనికిరాదు.

మెర్‌క్రూజర్, వోల్వో పెంటా పెట్రోల్ ఇన్‌బోర్డ్‌లలో చాలావాటికి మూలం జీఎం (అమెరికా కంపెనీ జనరల్ మోటార్స్) కార్ల ఇంజనే, ముఖ్యంగా 5.7 లీటర్ల షెవర్లే వీ8. అందుకే దించి బిగిస్తే చాలనిపిస్తుంది. కానీ ఎంత పవర్, ఏ మోడల్ అని అడిగే ముందు అది ఏ నీళ్లలో తిరిగిందో అడగండి, బ్లాక్ (సిలిండర్లు ఉండే ఇంజన్ ఇనుప దిమ్మ) ఆయుష్షు అక్కడే తేలుతుంది.

బోటుకు రేడియేటర్ ఉండదు. కొన్నింట్లో బ్లాక్‌లో కూలెంట్ తిరుగుతుంది, దాన్ని హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో బయటి నీళ్లు చల్లబరుస్తాయి. ఇలాంటిది దొరికితే నాలుగు డబ్బులు ఎక్కువైనా తీసుకోండి. మిగతావాటిలో బయటి నీళ్లే నేరుగా బ్లాక్‌లోకి పోయి బయటికొస్తాయి. అలాంటి ఇంజన్ పాకాల, లక్నవరం లాంటి మంచినీళ్ల చెరువులో తిరిగిందైతే ఎక్కువగా మట్టే పేరుకుంటుంది, కడిగించుకోవచ్చు. అదే విశాఖ, కాకినాడ వైపు సముద్రం నుంచి వచ్చిందైతే పైన పెయింట్ తళతళలాడుతున్నా లోపల ఉప్పు ఇనుమును తినేసి ఉండొచ్చు.

కాబట్టి మాట నమ్మకుండా విప్పి చూడండి. ముందు థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక తెరుచుకుని నీళ్లు వదిలే వాల్వ్) మూత తీసి టార్చ్ వేయండి. తర్వాత బ్లాక్ పక్కన గుండ్రటి బిళ్లలు కనిపిస్తాయి, మెరైన్ ఇంజన్లలో సాధారణంగా ఇవి ఇత్తడివి. ఒకదాన్ని అంచు మీద మెల్లగా కొడితే అడ్డం తిరుగుతుంది, ప్లయర్‌తో లాగి లోపల స్క్రూడ్రైవర్ కొనతో గీకండి. ఎర్రటి పొడి పలచగా రాలితే భయం లేదు, కానీ పెచ్చులు పెచ్చులుగా ఊడి కింద గట్టి ఇనుము తగలకపోతే బేరం అక్కడితో వదిలేయండి. బయటి నుంచి ఇప్పటికే పలచబడిన సిలిండర్ గోడను రీబోర్ (అరిగిన సిలిండర్‌ను కోసి వెడల్పు చేయడం) పేరుతో లోపలి నుంచి కూడా కోస్తే అది నిలవదు. అనుమానం ఉంటే రీబోర్‌కు ఇచ్చే ముందే బ్లాక్‌కు ప్రెషర్ టెస్ట్ చేయించండి.

నేరుగా నీళ్లు తిరిగే ఇంజన్‌లో థర్మోస్టాట్ 60 డిగ్రీల దగ్గరే తెరుచుకుంటుంది, ఎందుకంటే అంతకు మించి వేడెక్కితే ఉప్పు గడ్డకట్టి దారులు మూసుకుపోతాయి. కారులో రేడియేటర్ పెడతాం కాబట్టి 82 డిగ్రీలది లేదా అంతకంటే ఎక్కువది వేయండి, లేకపోతే ఇంజన్ సరిగ్గా వేడెక్కదు, ఆయిల్‌లో చెమ్మ మిగులుతుంది. చుట్టూ నీళ్లు తిరిగే తొడుగు ఉన్న ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ (సిలిండర్ల పొగను బయటికి పంపే గొట్టం) తీసేసి కారుది బిగించండి. సెల్ఫ్ మోటర్ మాత్రం పడేయకండి. పెట్రోల్ ఆవిరికి నిప్పురవ్వ తగలకుండా మూసి కట్టింది, ఫ్లైవీల్‌కు (క్రాంక్ వెనక ఉండే బరువైన చక్రం) సరిపోతే కారులోనూ నిక్షేపంగా పనిచేస్తుంది.

రెండు ఇంజన్ల బోటులో ఒకటి ఎదురు దిశలో తిరిగేది కావచ్చు. మామూలు షెవర్లే వీ8ని ఫ్లైవీల్ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. సెల్ఫ్ కొట్టించి కళ్లారా చూసుకోండి, తేడాగా తిరిగితే ఆ ఇంజన్ వద్దు.

ఇంకొకటి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడాగా ఉండకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ కింద ఆరు నెలల వరకు జైలు లేదా మార్పుకు 5 వేల జరిమానా, రెండూ పడొచ్చు. అందుకే రోడ్డెక్కించే ఆలోచన ఉంటే ఇంజన్ కొనకముందే ఆర్‌టీఏ ఆఫీసులో అడగండి.

వచ్చే పాఠంలో క్లచ్, గేర్‌బాక్స్. అప్పటికి క్రాంక్ వెనక చివర చూసి పెట్టుకోండి, కొన్ని మెరైన్ క్రాంక్‌లకు గేర్‌బాక్స్ షాఫ్ట్ కూర్చునే బేరింగ్ రంధ్రం ఉండదు.