గడియారం చూడకుండా ధ్యానం

ఆనాపానసతికి, అంటే శ్వాసను గమనించే ధ్యానానికి, కూర్చున్న పది నిమిషాలకే ఎంతసేపయిందో చూడాలని కన్ను తెరుచుకుంటుంది. అలారం పెడితే దాని మోతకు గుండె అదురుతుంది. పర్లాకిమిడిలో మా ఇంట్లో కుదిరిన ఉపాయం ఇది.

తెల్లవారుజామున, వీధిలో అలికిడి మొదలవకముందే, ఫోనులో రికార్డర్ పెట్టి పూజగది కంచుగంటను ఒక్కసారి మోగించండి. ఫోను మడతపెట్టిన తువ్వాలు మీద, గంటకు రెండు మూరల దూరంలో ఉండాలి. మరీ దగ్గరైతే శబ్దం పగులుతుంది. రికార్డర్ ఆపకుండా 20 నిమిషాలు వదిలేసి, చివర మూడుసార్లు మోగించండి. ఒక నాదం పూర్తిగా సన్నగిల్లాకే రెండోది. ధ్యానానికి కూర్చున్నప్పుడు ఈ రికార్డింగ్ పెట్టుకుంటే, మొదటి గంట సన్నగిల్లే నాదం వెంటే మనసు శ్వాస మీదికి చేరుతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన క్షణం అదే. మా జిల్లాలోనే జిరంగ్‌లో ఉన్న పద్మసంభవ మహావిహారం అనే బౌద్ధ మఠపు నెమ్మది గుర్తొస్తుంది.

ధర్మోపన్యాసం వినే అలవాటుంటే పది నిమిషాలు విని, తరువాత ఈ రికార్డింగ్ పెట్టుకోండి.

ఫోను ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి. బ్యాటరీ పొదుపు మోడ్ మాత్రం తీసేయండి. అది ఉంటే కొన్ని ఫోన్లలో రికార్డింగ్ మధ్యలో ఆగిపోయి చివరి గంట మోగదు. రేకుల ఇంటి మీద పెద్ద వాన పడుతుంటే గంట వినబడదు, అప్పుడు ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాల్సిందే.